పార్లమెంటు గ్రంథాలయంలోని గాజుపెట్టె గారికి

మహారాజశ్రీ గాజుపెట్టె గారికి,

ఒక జిల్లా ఆఫీసులో ఏటా నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం ఏర్పాట్లు చూసే గుమాస్తా నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం, ఫొటోలన్నీ అప్‌లోడ్ అయ్యాయి. అక్కడ రాజ్యాంగం మూలప్రతిని దాచుకున్న మీ కడుపులో తేమ ఎక్కకుండా, దిగకుండా సుఖంగా ఉందని తలుస్తాను.

మీరు రాకముందు ఆ మూలప్రతిని ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి, అమ్మమ్మ పెళ్లి పట్టుచీరలా దాచారట. తర్వాత 1990ల్లో అమెరికాలోని గెట్టీ సంస్థవాళ్ళూ, మన నేషనల్ ఫిజికల్ లాబొరేటరీవాళ్ళూ కలిసి మిమ్మల్ని తయారుచేశారు. ఆక్సిజన్ సోకకుండా జడవాయువు నింపారు. అంత చెయ్యాల్సిందే లెండి. ప్రేమ్ బిహారీ నారాయణ్ రైజాదా ఆ ఇంగ్లీషు ప్రతి అంతా చేత్తో రాసి పైసా అడగలేదు. పేజీపేజీకీ తన పేరు, చివర్లో తాతగారి పేరు ఉంటే చాలన్నాడు. ఈ ముక్క మా పైఆఫీసు చెవిన మాత్రం వెయ్యకండి. వచ్చే నెల నుంచి ఔట్‌సోర్సింగ్ పిల్లలకి అదే జీతం ఖాయం చేస్తారు.

2015 నుంచి ఈ రోజు రాజ్యాంగ దినోత్సవం కదా, సర్క్యులర్ ప్రకారం వరండాలో నిలబడి పీఠిక చదివాం. మా సారు ‘సర్వసత్తాక’ దగ్గర ఊపిరి పీల్చుకుని, ‘సామ్యవాద, లౌకిక’ దగ్గర కెమెరా వైపు తిరిగారు. ఆ రెండు మాటలూ మీ దగ్గరున్న కాగితంలో లేవు. 1976లో 42వ సవరణతో చేరాయి. మీకెలా తెలుస్తుంది, మూత తీస్తేగా!

ఆస్తి హక్కు కూడా మీ లోపల ఇంకా ప్రాథమిక హక్కే. బయట 1978లో 44వ సవరణ దాన్ని ఆ జాబితాలోంచి తీసేసింది. భూసేకరణ నోటీసు అందిన మా బాబాయి, మీలో కాస్త చోటుంటే పొలంతో సహా వచ్చి ఉంటానంటున్నాడు.

అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణానికీ మీ దగ్గర చెద పట్టలేదు. టీకొట్లో కొందరికి వేరే గ్లాసు పెట్టే ఊళ్ళలో ఈ ఏడు ఆ పేజీ నకలు అంటిద్దామని ఫైలు పెట్టాను. ఫొటోకి పూలదండ బ్యాక్‌గ్రౌండే బాగుంటుందని రాసి తిప్పి పంపారు.

చివరగా ఒక విన్నపం. మా సెక్షన్‌లో సమాచార హక్కు దరఖాస్తుల బీరువా ఉంది. గాలి చొరదు, వెలుతురు సోకదు, ఏళ్ళు గడిచినా కాగితం కదలదు. విదేశీ సాయం లేకుండానే సాధించాం. మీవాళ్ళెవరైనా పరిశీలనకు వస్తామంటే లంచ్ తర్వాత రమ్మనండి.

ఇట్లు,
విధేయుడు,
సెక్షన్ గుమాస్తా