ముందు ప్రశ్నలు లెక్కపెట్టండి, తర్వాత డేటాబేస్ మార్చండి

2019 అక్టోబర్‌లో అమెజాన్ తన రిటైల్ వ్యాపారం నడిపే చివరి ఒరాకిల్ డేటాబేస్‌ను ఆపేసింది. దాదాపు 7,500 డేటాబేస్‌లు, 75 పెటాబైట్ల డేటా, వందకు పైగా టీమ్‌ల పని. అప్పటి నుంచి ఏ ఆఫీసులో డేటాబేస్ మీద మీటింగ్ పెట్టినా ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు: "అమెజానే నోఎస్‌క్యూఎల్‌కి వెళ్లిపోయింది, మనకేంటి ఇబ్బంది?"

నోఎస్‌క్యూఎల్ అంటే ఒరాకిల్ లాంటి టేబుళ్ల (రిలేషనల్) పద్ధతిలో కాకుండా డేటాను వేరే రూపాల్లో దాచే డేటాబేస్‌లు. వెళ్లింది నిజమే, కానీ అంతా అటే వెళ్లలేదు. కొంత డేటా అమెజాన్ సొంత నోఎస్‌క్యూఎల్ డేటాబేస్ డైనమోడీబీకి చేరింది. మరికొంత అరోరా, ఆర్‌డీఎస్ లాంటి రిలేషనల్ డేటాబేస్‌లకే వెళ్లింది. విశ్లేషణకు వాడేది రెడ్‌షిఫ్ట్‌కి పోయింది.

నాకు ఇంతకన్నా ముఖ్యంగా అనిపించేది, చాలా ఏళ్ల ముందు వాళ్లు వేసుకున్న ఒక లెక్క. 2007లో, డైనమోడీబీకి మూలమైన డైనమో డిజైన్‌ను వివరించే పేపర్ రాకముందు, తమ అప్లికేషన్లు డేటాబేస్‌ను అసలేం అడుగుతున్నాయో చూసుకున్నారు. దాదాపు 70 శాతం సార్లు ఒక్క కీ (ఆర్డర్ నంబర్ లాంటి గుర్తు) ఇచ్చి ఒక్క వరుస తెచ్చుకోవడమే. ఇంకో 20 శాతం సార్లు చాలా వరుసలు వచ్చినా అవన్నీ ఒకే టేబుల్‌లోవి. అంటే జాయిన్‌ల (వేర్వేరు టేబుళ్లను కలిపి చదవడం) అవసరం చాలా తక్కువ. ఆ లెక్క చేతిలో ఉంది కాబట్టే ధైర్యంగా అటు అడుగేశారు. మనలో ఎక్కువమంది ఆ లెక్క వేయకుండానే బయల్దేరుతున్నాం. నా బాధంతా అదే.

ఒక ఆర్డర్‌నే తీసుకోండి. రిలేషనల్ పద్ధతిలో కస్టమర్ ఒక టేబుల్, ఆర్డర్ ఒక టేబుల్, వస్తువులు ఇంకో టేబుల్. నోఎస్‌క్యూఎల్‌లో ఒక రకమైన డాక్యుమెంట్ డేటాబేస్‌లో అన్నీ ఒకే చోట ఉంటాయి, కస్టమర్ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ కూడా ఆర్డర్‌లోకే కాపీ అవుతాయి. చదవడం చాలా ఈజీ. ఇప్పుడు ఆ కస్టమర్ కూకట్‌పల్లి నుంచి విజయవాడకి ఇల్లు మారాడనుకుందాం. పాత బిల్లు మీద పాత అడ్రసే ఉండాలి, కాబట్టి అక్కడ కాపీ చేయడమే సరైనది. కానీ ఫోన్ నంబర్ మారితే? దారిలో ఉన్న పార్సిల్ కోసం డెలివరీ అబ్బాయి పాత నంబర్‌కే కాల్ చేస్తుంటాడు. ఒకే డాక్యుమెంట్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ఫీల్డ్‌లకు రెండు వేర్వేరు జవాబులన్నమాట. ఇలా ఒక్కో ఫీల్డ్ దగ్గరా ఆగి ఆలోచించాలి. అది డేటాబేస్ మన తరఫున చేసిపెట్టదు.

నోఎస్‌క్యూఎల్‌లో స్కీమా (ఏ ఫీల్డ్‌లో ఏ రకం డేటా ఉండాలో ముందే చెప్పే నమూనా) ఉండదు కాబట్టి హాయి అంటారు. స్కీమా ఎక్కడికీ పోదు, డేటాబేస్‌లోంచి కోడ్‌లోకి వచ్చి కూర్చుంటుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఫోన్ నంబర్ కొన్ని డాక్యుమెంట్లలో అంకెగా, కొన్నింట్లో స్ట్రింగ్‌గా ఉండేది. ఫీల్డ్ పేరు ఒకచోట ఫోన్, ఇంకోచోట మొబైల్. చదివే కోడ్ నిండా ఇఫ్‌లే. నెలాఖరున అకౌంట్స్ మేడమ్ వచ్చి "జిల్లాల వారీగా ఎన్ని ఆర్డర్లు వెనక్కొచ్చాయి?" అని అడిగారు. రిలేషనల్ డేటాబేస్‌లను అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో అది నాలుగు లైన్ల క్వెరీ. మా కీలు కస్టమర్ ఐడీ చుట్టూ పెట్టుకున్నాం కాబట్టి టేబుల్ మొత్తం స్కాన్ చేయాల్సి వచ్చింది, చదివిన ప్రతిదానికీ బిల్లు. చివరికి రోజూ రాత్రి ఆ డేటాను పోస్ట్‌గ్రెస్ అనే రిలేషనల్ డేటాబేస్‌లోకి కాపీ చేసి రిపోర్టులు ఇచ్చాం.

అయితే నోఎస్‌క్యూఎల్ వద్దని కాదు. 2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయింది. ఆ దెబ్బతో క్లౌడ్‌కి మారుతూ కాసాండ్రా అనే నోఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను ఎంచుకుంది. ఎవరు ఏం చూశారన్న హిస్టరీకి అది బాగా సరిపోతుంది: రాతలు విపరీతం, అడిగేది ఎప్పుడూ ఒక్క యూజర్ గురించే. కానీ అదే కంపెనీ బిల్లింగ్‌ను ఒరాకిల్ నుంచి ఇంకో రిలేషనల్ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌కి మార్చింది. డబ్బు లెక్కకు ట్రాన్సాక్షన్లు (మార్పులన్నీ కలిసి జరగాలి, లేదా ఒక్కటీ జరగకూడదు) కావాలి మరి.

పైగా రెండు పక్షాల మధ్య దూరం కూడా తగ్గింది. 2014లో పోస్ట్‌గ్రెస్ 9.4కి, జేసన్ డాక్యుమెంట్లను కాలమ్‌లోనే దాచే జేసన్‌బీ వచ్చింది. 2018లో డాక్యుమెంట్ డేటాబేస్ అయిన మోంగోడీబీ 4.0 ఒకటికి మించిన డాక్యుమెంట్లకు కలిపి ట్రాన్సాక్షన్లు తెచ్చింది. అదే ఏడాది గార్డియన్ పత్రిక తన వ్యాసాలను మోంగోడీబీ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి తరలించింది. వాటిని టేబుళ్లుగా విడగొట్టలేదు, జేసన్ డాక్యుమెంట్లుగానే ఉంచింది. మీకు కావాల్సింది ఆ సౌకర్యమే అయితే, ఉన్న డేటాబేస్‌లో ఒక కాలమ్ చేర్చుకుంటే సరిపోవచ్చు.

అయినా మారాల్సిందే అనుకుంటే తొందరపడి పాతది ఆపేయకండి. మేం రెండు వారాల పాటు ప్రతి ఆర్డర్‌నీ రెండు చోట్లా రాశాం. రోజూ పొద్దున్నే రెండు వైపుల మొత్తాలూ పోల్చేవాళ్లం. పదకొండో రోజు దాకా లెక్క కుదరలేదు, టీమ్ అంతా టెన్షన్. వెతగ్గా వెతగ్గా తేలింది: పాత టేబుల్‌లో పిన్‌కోడ్ ఖాళీగా ఉన్న ఆర్డర్లను మా స్క్రిప్ట్ ఏ ఎర్రరూ చూపించకుండా వదిలేసింది. పాత డేటాబేస్ ఇంకా నడుస్తోంది కాబట్టి, ఆ సాయంత్రానికి అవన్నీ తిరిగి ఎక్కించగలిగాం.