వేళ్లున్నంత మాత్రాన క్రిస్మస్ చెట్టు బతకదు

డిసెంబరు రాగానే ఒక మెసేజ్ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. "వేళ్లున్న క్రిస్మస్ చెట్టు తెచ్చుకోండి. నెలంతా ఇంట్లో ఉంచుకోండి. నీళ్లలో చక్కెర కలిపి పోయండి. పండగయ్యాక లోతుగా గుంత తీసి, ఎరువు వేసి పాతేయండి. తప్పకుండా బతుకుతుంది." మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ మొదటి మాట వదిలేస్తే, మిగతా సలహాల్లో చెట్టుకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

నెలంతా ఇంట్లో ఉంచడంలోనే అసలు ప్రమాదం ఉంది. క్రిస్మస్ చెట్లుగా తెచ్చుకునే స్ప్రూస్, ఫర్ చలి ప్రాంతాల చెట్లు. చలికాలమంతా అవి నిద్రలో ఉంటాయి, గడ్డకట్టే చలిని తట్టుకునేది ఆ నిద్ర వల్లే. వెచ్చని గదిలో ఎక్కువ రోజులుంటే వాటికి వసంతం వచ్చేసినట్టే. కొమ్మ చివర దగ్గరగా చూడండి. గోధుమరంగు పొలుసులతో బిగుసుకుని ఉండాల్సిన మొగ్గ ఉబ్బి, పొలుసుల సందులో లేతపచ్చ కనిపిస్తుంది. అలా మేల్కొన్న చెట్టును బయట మంచులో పెడితే చిగుళ్లు మాడతాయి, ఒక్కోసారి చెట్టే పోతుంది. అందుకే లోపల ఉంచేది వారం, మహా అయితే పది రోజులు, అదీ హీటర్‌కు దూరంగా. హాల్లోకి తెచ్చే ముందు మూడు నాలుగు రోజులు హీటర్ లేని వరండాలోనో గ్యారేజీలోనో అలవాటు చేయాలి. బయటికి పంపేటప్పుడూ అంతే. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు.

చక్కెర అక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు. మట్టిలోకి వేలు దింపి చూసి, ఆరుతుంటే పోయండి. అడుగున నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. "ఆకులు పచ్చగానే ఉన్నాయిగా" అని ధీమా పడొద్దు. నరికిన చెట్టు కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుంది.

ఇక లోతైన గుంత. ఇది పూర్తిగా తలకిందుల సలహా. గుంతకు కావాల్సింది వెడల్పు: వేళ్ల చుట్టూ ఉండే మట్టిముద్దకు రెండు మూడు రెట్లు. లోతు మాత్రం ముద్ద ఎత్తును మించకూడదు. కాండం మొదట్లో వేళ్లు విచ్చుకునే చోటు నేలమట్టానికి పైన కనిపించాలి, అది పూడితే చెట్టుకు ఊపిరాడదు. నేల గడ్డకట్టే చోట గుంత ముందే తవ్వి, ఎండాకులతో నింపి, తీసిన మట్టిని గడ్డకట్టని చోట దాచుకోవాలి. నాటేటప్పుడు మట్టిముద్దకు చుట్టిన ప్లాస్టిక్ తాడు, సింథటిక్ గుడ్డ పూర్తిగా తీసేయండి. తొట్టిలో పెరిగినదైతే చుట్టలు చుట్టుకున్న వేళ్లను విడదీయాలి, లేకపోతే నేలలోనూ అలాగే గుండ్రంగా తిరుగుతాయి.

మొదటి ఏడాది ఎరువు వద్దు. తీసిన మట్టితోనే పూడ్చి, బాగా తడిపి, పైన ఐదారు సెంటీమీటర్ల మందాన ఎండాకులో చెక్కపొట్టో పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వొద్దు.

"తప్పకుండా బతుకుతుంది" అన్నది ఎవరూ ఇవ్వలేని హామీ. వేడి ప్రాంతంలో స్ప్రూస్ నిలదొక్కుకోవడం కష్టం. అక్కడ క్రిస్మస్ చెట్టులాగే కనిపించే నార్ఫోక్ ఐలండ్ పైన్ నయం, అయితే అది మంచును తట్టుకోదు. జాగా కూడా చూసుకోవాలి: నార్వే స్ప్రూస్ 30 మీటర్లు దాటి పెరుగుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా వసంతానికి కొన్ని ఆకులు రాలొచ్చు. తొందరపడి పీకేయకండి. చిన్న కొమ్మ మీద బెరడును గోటితో గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, ఆ వేసవంతా నీళ్లు మానకండి.