బర్గండీని నిలబెట్టింది చిన్న కమతాలే

2018లో న్యూయార్క్‌లో జరిగిన వేలంలో 1945 నాటి రొమానే-కోంటి వైన్ సీసా ఒకటి 5,58,000 డాలర్లు పలికింది. ఆ వైన్ పుట్టిన చేను మొత్తం కలిపినా నాలుగున్నర ఎకరాలే. ఫ్రాన్స్ తూర్పు ప్రాంతమైన బర్గండీ పేరు వార్తల్లోకి ఎక్కేది ఎక్కువగా ఇలాంటి ధరలతోనే. కానీ ఆ నేలకు ఇప్పుడున్న పెద్ద బెంగ కూడా ఆ ధరలే. శతాబ్దాలుగా అక్కడి చేలను, ఊళ్లను, వంటను కాపాడుకొచ్చింది సొంతంగా చేను దున్నుకునే చిన్న రైతు. ఆ రైతు పిల్లలు అదే చేలో కొనసాగడం ఇవాళ కష్టమవుతోంది.

డిజోన్ పట్టణానికి దక్షిణంగా, బోన్ మీదుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున ఒక వాలు సాగుతుంది. చాలాచోట్ల దాని వెడల్పు ఒకటి రెండు కిలోమీటర్లకు మించదు. ప్రధానంగా పండేవి రెండే ద్రాక్ష రకాలు. ఎర్ర వైన్‌కు పీనో న్వార్, తెల్ల వైన్‌కు షార్డొనే. అయినా పక్కపక్క చేలలో తీసిన వైన్లు వేర్వేరు రుచుల్లో ఉంటాయి. అందుకే ఇక్కడ ప్రతి చేనుకూ పేరుంది, హద్దుంది, చరిత్ర ఉంది. వీటినే క్లిమాలు అంటారు. అలాంటివి 1,247 ఉన్నాయని లెక్కతేల్చి, 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోటలకో గుళ్లకో దక్కే గుర్తింపు చేని గట్లకు దక్కడం నాకు ఎంతో నచ్చిన విషయం.

ఈ పద్ధతి అర్థం కావాలంటే క్లో ద వూజో దగ్గర కాసేపు ఆగాలి. సీతో మఠం సన్యాసులు మధ్యయుగంలో రాతిగోడ కట్టి పెంచిన తోట ఇది. విస్తీర్ణం 50 హెక్టార్లు, అంటే దాదాపు 125 ఎకరాలు. పై భాగంలో నేల పలచన, కింద సున్నపురాయి, వాన నీరు ఇట్టే ఇంకిపోతుంది. కిందికి దిగి రోడ్డు దగ్గరికొస్తే బరువైన బంకమట్టి, వానలు పడితే చెమ్మ ఒక పట్టాన ఆరదు. గోడ లోపల ఎక్కడ పండినా చట్టం దృష్టిలో అంతా ఒకటే, అత్యున్నత శ్రేణి గ్రాండ్ క్రూ. కానీ పై వరుసల వైన్, కింది వరుసల వైన్ ఒకటి కాదని అక్కడి వాళ్లకు బాగా తెలుసు. ఫ్రెంచి విప్లవం వచ్చి మఠాల ఆస్తులన్నీ జప్తు చేసి అమ్మేదాకా ఈ తోట సన్యాసులదే. 1889లో ముక్కలైంది. ఇప్పుడు ఒకే గోడ లోపల దాదాపు 80 మంది యజమానులున్నారు. ఒక్కొక్కరిది కొన్ని వరుసలే. సీసా మీద అందరిదీ ఒకటే పేరు కాబట్టి, కొనేవాళ్లు తోట పేరు కన్నా రైతు పేరు చూసుకోవాలి. తోట మధ్యలోని పాత కట్టడంలో ద్రాక్ష పిండే భారీ కొయ్య యంత్రాలు ఇప్పటికీ ఉన్నాయి.

1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి పిల్లలందరికీ ఆస్తిలో వాటా ఇవ్వాలన్నది. మన ఊళ్లలో అన్నదమ్ముల పంపకాలయ్యాక గట్లు పెరిగినట్టే అక్కడా తరం తరానికీ చేలు చిన్నవయ్యాయి. వ్యవసాయానికి ఇది నష్టమనే వాదన ఉంది. బర్గండీలో మాత్రం ఈ చీలికే మేలు చేసిందని నా నమ్మకం. నాలుగు వరుసలున్న రైతుకు ప్రతి తీగా తెలుసు. కత్తిరించేది తనే, కోసేది తనే, పులియబెట్టేది తనే. ఊళ్లో వందమంది అలా ఉంటే వందరకాల వైన్ వస్తుంది, ఊరూ నిలుస్తుంది.

ఇప్పుడు ఆ పునాదే కదులుతోంది. మంచి పేరున్న చేల ధర పంట ఆదాయంతో పొంతన లేకుండా పెరిగిపోయింది. ఫ్రాన్స్‌లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే ఆస్తిపై పన్ను పై శ్లాబులో 45 శాతం. మినహాయింపులు లేకపోలేదు. అయినా మార్కెట్ ధర ప్రకారం లెక్కగట్టేసరికి, వైన్ అమ్ముకుని బతికే కుటుంబం మీద భూస్వామి స్థాయి పన్ను పడుతుంది. అన్నదమ్ముల్లో ఒకరు సాగు చేస్తానన్నా, మిగతావాళ్ల వాటా కొనే స్తోమత ఉండదు. చివరికి డబ్బున్న బయటివాళ్లకు అమ్మక తప్పదు. 2014లో క్లో దే లాంబ్రే అనే తోటను ఎల్‌వీఎంహెచ్ కొంది. 2017లో క్లో ద తార్ట్ పినో కుటుంబ సంస్థ చేతికొచ్చింది. రెండూ విలాస వస్తువుల వ్యాపారంలో పేరున్న వర్గాలే. వాళ్లు తోటల్ని పాడు చేస్తారని నేననను, పెట్టుబడి బాగానే పెడతారు. కానీ ఆ ఊళ్లోనే పుట్టి, ఆ చేలోనే పనిచేసే యజమాని ఒకరు తగ్గిపోతారు. గోడకు, గట్టుకు వారసత్వ హోదా రక్షణ ఇవ్వగలదు, సాగు చేసే కుటుంబానికి ఇవ్వలేకపోతోంది. సాగు కొనసాగించే వారసుడికి భూమి విలువను పంట ఆదాయం ప్రకారం లెక్కగట్టడమే న్యాయం.

పేరును కాపాడుకోకపోతే ఏమవుతుందో కూడా ఇదే ప్రాంతంలో చూడొచ్చు. డిజోన్ ఆవముద్ద పేరు వినని దేశం లేదు. మోర్వాన్ కొండల్లో బొగ్గు కాల్చేవాళ్లు చెట్లు కొట్టిన చోట ఆవాలు చల్లేవాళ్లు. కానీ ‘డిజోన్’ పేరుకు వైన్ పేర్లకున్నట్టు చట్టబద్ధమైన రక్షణ దొరకలేదు, ఎవరు ఎక్కడ చేసినా ఆ పేరు పెట్టుకోవచ్చు. దాంతో స్థానిక సాగు కుంగిపోయింది, ఆవాలు ఎక్కువగా కెనడా నుంచి రావడం మొదలైంది. అక్కడ 2021లో కరువొస్తే, 2022లో ఫ్రాన్స్ సూపర్ మార్కెట్లలో ఆవముద్ద అరలు ఖాళీ అయ్యాయి. 2009లో బర్గండీ ఆవముద్దకు విడిగా భౌగోళిక గుర్తింపు తెచ్చాక, స్థానిక ఆవాలు, స్థానిక తెల్ల వైన్ వాడే నియమంతో సాగు కొంత తిరిగొచ్చింది. మనకూ ఇది పట్టాల్సిన సంగతే. బనగానపల్లె మామిడికి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వల్ల తోట రైతుకు ఎంత చేరుతోందన్నదే అసలు ప్రశ్న.

బర్గండీ వంట కూడా చిన్న రైతు ఇంట్లో పుట్టిందే. ప్రసిద్ధమైన బఫ్ బుర్గిన్యోన్ తీసుకోండి. ముదురు ఎద్దుమాంసాన్ని ఎర్ర వైన్‌లో, చిన్న ఉల్లిపాయలు, పుట్టగొడుగులతో గంటల తరబడి సన్నసెగ మీద ఉడికిస్తారు. మెత్తబడటానికి టైమ్ పట్టే చౌక ముక్కలే దీనికి కావాలి. అదే ఎర్ర వైన్ పులుసులో గుడ్లు విడిచి వండేది మెరెట్. వెల్లుల్లి, పార్స్లీ కలిపిన వెన్న దట్టించిన నత్తలు సరేసరి. మాంసం తినని వాళ్లకు గుజేర్ అనే, చీజ్ కలిపి కాల్చిన బోలు ఉండలున్నాయి, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి.

ఈ ఊళ్లు వైన్‌తో పాటు దానధర్మాన్నీ పెంచాయి. 1443లో బర్గండీని ఏలిన డ్యూక్ కొలువులో ఛాన్సలర్ నికోలా రోలాన్, ఆయన భార్య గిగోన్ ద సలాన్ కలిసి బోన్‌లో పేదలకు ఆసుపత్రి కట్టించారు. రంగురంగుల పెంకుల కప్పున్న ఆ భవనంలో 1971 వరకు రోగులకు వైద్యం సాగింది. దాతలు రాసిచ్చిన చేలు ఇప్పుడు 60 హెక్టార్ల దాకా ఉన్నాయి. వాటి వైన్‌ను 1859 నుంచి ఏటా నవంబరులో వేలం వేస్తున్నారు. ఆ డబ్బు ఆసుపత్రులకే వెళ్తుంది.

వాతావరణం టెన్షన్ వేరే ఉంది. బోన్‌లో ద్రాక్ష కోత తేదీల వరుస 1354 నుంచి దొరుకుతోంది. 1988 తర్వాత కోత సగటున 13 రోజులు ముందుకు జరిగింది. చలికాలం వెచ్చబడి తీగలు ముందే చిగురిస్తున్నాయి, తర్వాత పడే మంచు ఆ చిగుళ్లను మాడ్చేస్తోంది. 2021 ఏప్రిల్‌లో రైతులు రాత్రంతా వరుసల మధ్య మైనపు దీపాలు వెలిగించి కాపలా కాశారు. అయినా పంట చాలా పోయింది, ముఖ్యంగా షార్డొనే.

పారిస్ నుంచి డిజోన్‌కు టీజీవీ రైల్లో సుమారు గంటన్నర. ఐరోపాలో ఉండే మనవాళ్లు పెద్ద పేరున్న తోటల గేట్ల ముందు ఫొటో దిగి వెనక్కి రాకుండా, బోన్ నుంచి సాంత్నే దాకా తోటల మధ్య సాగే సైకిల్ దారి పట్టాలి. శనివారమైతే ముందు బోన్ సంతలో చీజ్, రొట్టె కొనుక్కోవచ్చు. ఆ తర్వాత కొండపైన సాన్ రోమాన్ లాంటి ఊళ్లకు, దక్షిణాన మాకోనే వైపు వెళ్తే, ధర ఇంకా కొండెక్కని వైన్లు దొరుకుతాయి. ముందుగా ఫోన్ చేసి వెళ్తే చాలాచోట్ల పంట పండించిన మనిషే సెల్లార్‌లోకి తీసుకెళ్లి రుచి చూపిస్తారు. అక్కడ కొన్న సీసా డబ్బు నేరుగా ఆ కుటుంబానికే చేరుతుంది.