తామరను పెంచి పోషిస్తున్నది మెడికల్ షాపు ట్యూబే

నడుము చుట్టూ, గజ్జల్లో, చంకల్లో గుండ్రంగా పాకే ఎర్రమచ్చ. అంచు ఉబ్బి పొలుసు రాలుతుంది, నడిమి భాగం మామూలు చర్మంలా తేరుకుంటుంది, రాత్రయితే దురద ఆగదు. తామర మనకు కొత్త జబ్బేమీ కాదు. ఒకప్పుడు మూడు నాలుగు వారాల పూతమందుకు లొంగిన ఈ జబ్బు నెలల తరబడి మొండికేస్తుంటే ఎండనో చెమటనో తిట్టుకుని లాభం లేదు. డాక్టర్ చీటీ అడక్కుండా చేతిలో పెట్టే కలగలుపు క్రీములే అసలు దోషులు.

ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. ఫంగస్ మందు ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి, వాటి పక్కనే క్లోబెటాసాల్ లేదా బీటామెథసోన్ అనే స్టెరాయిడ్. పూత స్టెరాయిడ్లలో క్లోబెటాసాల్ అత్యంత ఘాటైన వర్గానిది. మచ్చ ఎర్రబడేది ఫంగస్ మీద మన ఒళ్లు తిరగబడటం వల్ల. స్టెరాయిడ్ ఆ తిరుగుబాటును అణచేస్తుంది కాబట్టి రెండు రోజుల్లో ఎరుపు, దురద మాయమవుతాయి. అడ్డు తొలగిన ఫంగస్ లోలోపల పాకుతూనే ఉంటుంది. ట్యూబు ఆపిన కొద్ది రోజులకే మచ్చ మరింత పెద్దదై తేలుతుంది. మళ్లీ అదే షాపు, అదే ట్యూబు. ఈలోగా అంచు చెరిగిపోయి, నిపుణులకు సైతం అది తామరేనని పోల్చడం కష్టమవుతుంది. గజ్జల్లో చర్మం పలచబడి పడిన చారలైతే ఇక జన్మలో పోవు.

కేంద్రం 2018 మార్చిలో 14 పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ మందుల్లో ఇలాంటి క్రీములూ ఉన్నాయి. అయినా కౌంటరు దగ్గర చీటీ అడిగే నాథుడు లేడు. తామర తెచ్చే ఫంగస్‌లలో ఒకదానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు; అందులో టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకు లొంగని రకాలు ఎక్కువ. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు రోగుల్లో అది బయటపడింది. దాని పేరులోనే మన దేశం ఉంది.

పల్లెలో చర్మవైద్యుడు దొరకడు, కూలి మానుకుని పట్నం వెళ్లలేరు, షాపే దిక్కు అంటారు. నిజమే. కానీ స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీము క్లోట్రిమజోల్ కూడా ఆ షాపు అరలోనే ఉంటుంది కదా.

దాన్ని రోజుకు రెండుసార్లు, మచ్చ అంచు దాటి మరో రెండు సెంటీమీటర్ల మేర రాయాలి. మచ్చ పోయాక ఇంకో రెండు వారాలు ఆపకూడదు. చాలామంది ఇక్కడే తప్పుతున్నారు. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన మందు రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మొలతాడు తీసేయాలి, తడి నూలులో ఫంగస్ తిష్ఠ వేస్తుంది. తువ్వాలు ఎవరిది వారిదే. లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. ఇంట్లో తామర ఉన్నవాళ్లందరికీ ఒకేసారి వైద్యం జరగాలి, లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. ఒళ్లంతా పాకితే ఇట్రాకొనజోల్ వంటి మాత్రలు అవసరమవుతాయి. గుండె బలహీనమైనవారికి అది ప్రమాదం కాబట్టి డాక్టరే రాయాలి. జ్వరంతో పాటు వచ్చి, గాజుగ్లాసుతో నొక్కినా చెదరని ఎర్రచుక్కలైతే అది తామర కాదు. చర్మం కింద రక్తస్రావం కావచ్చు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

అసలు పరీక్ష లేకుండా మందివ్వడమే మన వైద్యానికి పట్టిన పెద్ద జబ్బు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మలేరియా, క్షయ పరీక్షలకు మైక్రోస్కోపు వాడుతూనే ఉన్నారు. మచ్చ అంచు నుంచి పొలుసు గీకి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపు ఆగి ఆ మైక్రోస్కోపులోనే చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. ప్రతి కేంద్రానికీ ఆ ద్రావణం సీసా, టెక్నీషియన్‌కు శిక్షణ ఈ ఏడాదే ఇవ్వాలి. స్టెరాయిడ్ ట్యూబుల అమ్మకం రిజిస్టర్లను డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు నెలనెలా తనిఖీ చేయాలి.