ప్లేటు పట్టని పట్టా

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు తీసింది. అలాంటప్పుడు ముందు కదిలేది నీటి నమూనా సీసా. క్లోరిన్ కలిపిన నీళ్లు పట్టే సీసాలో ముందుగానే, క్లోరిన్‌ను విరిచేసే సోడియం థయోసల్ఫేట్ కాస్త వేయాలి. వేయకపోతే దారిపొడవునా క్లోరిన్ తన పని తాను చేసుకుపోతుంది. ల్యాబుకు చేరేసరికి క్రిములు చచ్చి, కుళాయి నీళ్లు భేషుగ్గా ఉన్నాయని కాగితం చేతికొస్తుంది. తాగే నీటిలో 100 మిల్లీలీటర్లకు ఒక్క ఈ.కోలీ (నీటిలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) కూడా కనిపించరాదన్నది ప్రమాణం. కనిపించలేదంటే నిజంగా లేదా, పట్టుకోవడం చేతకాలేదా? అది తేల్చగలవాళ్లను తయారు చేయడానికే కదా రెండేళ్ల ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ!

జరుగుతున్నదేమిటి? చాలాచోట్ల ప్రాక్టికల్ అంటే ఒకరు చేస్తుంటే పదిమంది మెడలు చాచి చూడటం. రికార్డు పుస్తకం మాత్రం ముచ్చటగా నిండుతుంది. ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవును 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచాలని అందరికీ కంఠతా వచ్చు. రాత్రి కరెంటు పోయి, క్రిములు పెరిగేలా వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ చల్లబడితే, తెల్లారి అందులోని నమూనా ప్లేట్లను లెక్కలోకి తీసుకోవాలా, పారేయాలా అని అడగండి, నోరు పెగలదు. ఇక చివరి సెమిస్టర్ ప్రాజెక్టు సంగతి చెప్పుకోకపోవడమే మేలు. ఎక్కడో ప్రైవేటు ల్యాబుకు డబ్బు కట్టి, నాలుగు రోజులుండి, బైండింగు పుస్తకంతో తిరిగొచ్చేవాళ్లు తక్కువేం కాదు. అధ్యాపకులనే ఆడిపోసుకుని లాభం లేదు. ప్లేట్లలో క్రిములకు మేతగా పోసే మీడియా డబ్బా కొన్న బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియనప్పుడు పిల్లల చేతికి ప్లేట్లు ఎలా ఇస్తారు?

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం మందుల కంపెనీల్లో, మందులో ఏ క్రిమీ లేదని తేల్చే స్టెరిలిటీ పరీక్షకు 14 రోజులు కాచుకుని కూర్చునే ఓపిక కావాలి. పట్టా చూసి చేర్చుకున్నా మళ్లీ ఓనమాలు దిద్దించాల్సి వస్తోంది. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లని యూజీసీ 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఆ మూడేళ్లలో తొలి ఏడాది పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం) పట్టడం నేర్చుకోవడానికే సరిపోతే పరిశోధన ఎప్పుడు మొదలవుతుంది?

నాగావళి, వంశధార, చంపావతి ఒడ్డున చదివే పిల్లలకు ప్రాజెక్టు వెతుక్కుంటూ ఊళ్లు పట్టుకుని తిరగాల్సిన అవసరమేమిటి? ఒక్కొక్కరికి ఒక్కో పంచాయతీ అప్పగించి, ఏడాది పొడవునా అక్కడి బోర్లు, ట్యాంకుల నీళ్లు పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం తన ల్యాబుల తలుపులు వాళ్లకు తెరవాలి. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం చొరవ చూపాలి. ల్యాబు సరుకులకు ప్రభుత్వం విడిగా పద్దు కేటాయించాలి. వచ్చిన ఫలితాన్ని గైడు సంతకంతో ఆ ఊరి సచివాలయం గోడకు అంటించాలి, మంచిదైనా చెడ్డదైనా. తొలి నమూనాలు వానలు పడకముందే తీయాలి.