షామియానా కింద ఏది తెలుపు?

మా బాబాయ్ రీలు కాలం నుంచి పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తున్నాడు. ఆయన కొడుకు చిన్నా రెండో కెమెరా పట్టుకుంటాడు. నిన్న పొద్దున ఒకరింట్లో నలుగు (ఇప్పుడు హల్దీ అంటున్నారు లెండి), ఆరుబయట, పైన పసుపు రంగు షామియానా, పక్కన మామిడిచెట్టు. మెమరీ కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించగానే గొడవ మొదలైంది. నేను టీ తాగుతూ విన్నాను. గొడవంతా వైట్ బ్యాలెన్స్ గురించి, అంటే ఏ వెలుతురులోనైనా తెలుపు తెల్లగానే కనిపించేలా కెమెరా రంగులు సర్దడం. ఆటోలో పెడితే కెమెరాయే తనకు తోచినట్టు సర్దుతుంది; డేలైట్, షేడ్, క్లౌడీ లాంటి గుర్తు పెడితే ఒకే అంకె దగ్గర నిలబడుతుంది. ఆ అంకెను కెల్విన్లలో చెబుతారు, అది పెంచితే ఫోటో పసుపెక్కుతుంది, తగ్గిస్తే నీలమెక్కుతుంది.

బాబాయ్: ఇదేంట్రా, ఈ ఫోటోలో పెళ్లికూతురు పాలిపోయి జ్వరమొచ్చిన దానిలా ఉంది, పక్క ఫోటోలో కామెర్లొచ్చినట్టుంది! రెంటికీ మధ్య రెండు సెకన్లు కూడా లేవు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టావు కదూ?

చిన్నా: పెట్టాను. రా ఫైళ్లేగా నాన్నా, కెమెరా ఇంకా రంగులు ఖాయం చెయ్యనివి, ఎడిటింగులో సరిచేసుకోవచ్చు.

బాబాయ్: ఆరువందల ఫోటోలకి ఆరువందల రంగులొస్తే ఎవరు కూర్చుని సరిచేస్తారు? ఫ్రేము నిండా పసుపుంటే, అది పసుపని కెమెరాకేం తెలుసు? వెలుతురే పసుపుగా ఉందనుకుని నీలం కలిపేస్తుంది. నువ్వు రెండడుగులు వెనక్కెళ్లి మామిడాకులు ఫ్రేములోకొస్తే లెక్క మళ్లీ మారుస్తుంది. డేలైట్‌లో పెట్టి వదిలెయ్, 5200 కెల్విన్ దగ్గర నిలబడుతుంది. మాకు రీలు రోజుల్లో ఉన్నది అదొక్కటే, డేలైట్ ఫిల్ము 5500కి చేసేవాళ్లు. ఉదయం ఉదయంలా, సాయంత్రం సాయంత్రంలా వచ్చేది.

చిన్నా: ఊరికే వచ్చేదా? ప్రింటు వేసేటప్పుడు ల్యాబ్ అతను రంగులు దిద్దేవాడుగా. నీ ఎడిటింగు ల్యాబులో జరిగింది, నాది ఇక్కడ జరుగుతోంది, అంతే తేడా.

(బాబాయ్ దీనికి జవాబివ్వకుండా ఒక గుక్క టీ ఎక్కువ తాగాడు.)

చిన్నా: పైగా చెట్టు నీడలో డేలైట్ ఎలా పనికొస్తుంది? అక్కడ ఎండ పడదు, నీలాకాశం నుంచి వచ్చే వెలుతురే పడుతుంది, ముఖాలు నీలంగా తేలతాయి. అందుకే షేడ్ గుర్తు పెట్టారు, కొన్ని కెమెరాల్లో 7000, కొన్నింట్లో 8000.

బాబాయ్: అయితే షేడ్‌కి మార్చు, వద్దన్నానా! నువ్వు మార్చు, కెమెరాని మార్చనీయకు అంటున్నాను. మొన్న ఏటి ఒడ్డున సూర్యాస్తమయం తీశావు చూడు, ఆకాశమంతా ఎర్రగా ఉంటే నీ ఆటో దాన్ని కడిగి మధ్యాహ్నం చేసింది. క్లౌడీలో, 6000 దగ్గర పెట్టుంటే ఆ ఎరుపు ఫోటోలో కూడా మిగిలేది.

చిన్నా: ఆకాశం సంగతి ఒప్పుకుంటా. కానీ మామిడిచెట్టు కింద నీ కెల్విన్ అంకె ఎంత తిప్పినా ముఖం మీది ఆకుపచ్చ పోదు, అది నీలం-నారింజ గీత మీది రంగు కాదు. ఆకుపచ్చ-మెజెంటాది వేరే గీత. షామియానా గుడ్డలోంచి దిగే వెలుతురుకి కూడా ఏ గుర్తూ అచ్చంగా సరిపోదు. అక్కడ కస్టమ్ తీసుకోవాలి, తెల్లటిదేదైనా చూపించి ఇదే తెలుపని కెమెరాకి మనమే చెప్పాలి.

బాబాయ్: తీసుకుంటాగా. పెళ్లికూతురి నాన్న కట్టుకున్న తెల్ల పంచె ఉంది, దాన్ని ఫ్రేము నిండా పట్టి...

చిన్నా: నీలిమందు పెట్టిన పంచె నాన్నా అది! కాస్త నీలంగా ఉన్నదాన్ని ఇదే తెలుపు అని కెమెరాకి చెబితే, ఆ నీలం తీసెయ్యడానికి మొత్తం ఫోటోలన్నీ పసుపెక్కించి పెడుతుంది. ఏ రంగూ అంటని బూడిదరంగు అట్ట, ఆ గ్రే కార్డు కొందామని ఆర్నెల్ల నుంచి మొత్తుకుంటున్నా.

నాకు నవ్వాగలేదు. కామెర్ల ఫోటో గురించి అరిచిన మనిషి చెప్పిన మందు కూడా కామెర్లే తెచ్చేది. కానీ బాబాయ్ అంత తేలిగ్గా తగ్గే మనిషి కాదు.

బాబాయ్: సరే, కార్డు కొందాం. మరి నీ రా ఫైలు సంగతి చెప్పు. కెమెరా వెనక తెర మీద నువ్వు చూసే హిస్టోగ్రామ్, వెలుతురు ఎంత పడిందో చూపే ఆ గ్రాఫు, రా ఫైలుది కాదు, లోపల రంగులు ఖాయం చేసి తయారయ్యే జేపెగ్ ఫోటోది. రంగు తప్పుంటే అదీ తప్పే చూపిస్తుంది. ఎర్ర పట్టుచీర మీద ఎరుపు నిజంగా మోతాదు మించి పేలిపోయిందో లేదో అక్కడ నిలబడి నీకు తెలియదు. ఇంకా వీడియో? మన కెమెరాలో వీడియోకి రా లేదు. మంగళహారతి పళ్లెం పట్టుకుని అమ్మాయి షామియానా దాటి ఎండలోకి నడిచొస్తుంటే, మధ్యలో రంగు అలా అలా మారిపోతుంటే ఎక్కడ దిద్దుతావు?

చిన్నా: ...వీడియోకి లాక్ చేస్తాను.

బాబాయ్: ఫోటోలకి?

చిన్నా: షామియానా కింద కార్డుతో కస్టమ్, బయటికొస్తే డేలైట్. కానీ ఊరేగింపులో పెట్రోమాక్స్, ట్యూబులైట్, రంగు లైట్లు అన్నీ కలిసి ఉంటాయి, అక్కడ మాత్రం ఆటోనే. నన్నేమీ అనకు.

బాబాయ్: ఊరేగింపు నీ ఇష్టం. ముందు రేపటి వాళ్లకి ఫోన్ చేసి, షామియానా ఏ రంగుదో కనుక్కో.