సవరణ: గోడకు కాళ్లు ఆనించే ముందు

విశ్రాంతి యోగా గురించి నిన్న రాసినదాంట్లో "గోడకు కాళ్లు ఆనించి కాసేపు పడుకోవడం ఎవరైనా చేయవచ్చు" అని ఉంది. ఆ "ఎవరైనా" తొలగించాం. గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు వైద్యుణ్ణి అడగకుండా దాని జోలికి పోవద్దు. నెలలు నిండుతున్న గర్భిణులు ఎక్కువసేపు వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు పెద్ద సిరపై పడి గుండెకు చేరే రక్తం తగ్గవచ్చు. వారు ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే హాయి.

"చాప కూడా అక్కర్లేదు" అన్నదీ మన కడపకు నప్పదు. నల్లటి కడప బండల నేల ఎండాకాలంలో సుఖమే గానీ, మార్గశిరంలో వీపు బిగుసుకుపోతుంది. మడతపెట్టిన దుప్పటి కింద పరిచి, ఇంకొకటి చుట్టి మోకాళ్ల కింద పెట్టండి. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ అంతటివారే దిండ్లు, బెల్టులు, కుర్చీలు వాడించారు, మనకెందుకు మొహమాటం?